మేస్త్రి గారి హాజరు చీటీ

ప్రపంచ చరిత్రలో కొన్ని ప్రశ్నలు రాజ్యాలను కూల్చాయి, కొన్ని నిలబెట్టాయి. ఏ రాజ్యాన్నీ కూల్చకుండా, దేన్నీ నిలబెట్టకుండా, ముప్పై ఒక్క సంవత్సరాల పాటు ప్రతి ఉదయం అయిదున్నరకు, ఒకే కిటికీ ముందు, ఒకే గొంతు అడిగిన ప్రశ్న మాత్రం ఒక్కటే ఉంది: "ఎంతమంది?"

చరిత్రకారులు దీన్ని పట్టించుకోలేదు. వాళ్ళ సంగతి అంతే. యుద్ధంలో ఎంతమంది పోయారో రాస్తారు గానీ, ఆ పూట ఎంతమంది తిన్నారో రాయరు.

అడిగిన గొంతు మగపిల్లల హాస్టల్లో వంటమేస్త్రిది. కిటికీ వార్డెన్‌ది. జవాబు నోటితో వచ్చేది కాదు. అరచేతి వెడల్పు చీటీ మీద ఎర్ర సిరాతో వచ్చేది. పైన తేదీ. దాని కింద 'హాజరు', పక్కన ఒక అంకె. దాని కింద 'పథ్యం', పక్కన ఇంకో అంకె; అంటే జ్వరమో, కడుపునొప్పో వచ్చి కారం లేని కూడు తినవలసిన అభాగ్యుల సంఖ్య. అడుగున వార్డెన్ సంతకం. ఆ చీటీ చేతిలో పడనిదే మేస్త్రి గరిటె ముట్టేవాడు కాదు. ఆయన హయాంలో ఐదుగురు వార్డెన్లు వచ్చారు, పోయారు. ప్రశ్న పోలేదు.

ఉద్యోగంలో చేరిన పదకొండో ఏట ఒక సంక్షోభం వచ్చింది. కొత్తగా వచ్చిన వార్డెన్ నూట తొంభై అని రాసిచ్చాడు. మేస్త్రి ఆ చీటీని వెలుతురుకేసి పట్టుకుని, దొంగనోటును చూసినట్టు చూసి, "తలకాయలు లెక్కపెట్టి వస్తానండి" అని బయల్దేరాడు. గది గదికీ వెళ్ళి, బడి ఎగ్గొట్టేందుకు మంచాల కింద నక్కినవాళ్ళతో సహా లెక్కపెట్టి, రెండువందల పదమూడు అని తేల్చాడు. వార్డెన్ పాత అంకె కొట్టేసి కొత్తది వేశాడు. అప్పట్నుంచీ ఆ హాస్టల్లో అదొక శాసనం: చీటీ మీద అనుమానం వస్తే తలకాయలు లెక్కపెట్టుకునే హక్కు మేస్త్రికి ఉంది.

ఉప్పు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ముప్పై ఒక్కేళ్ళలో ఒక్క పూట కూడా ఆయన కూరలో ఉప్పు తప్పలేదు. రుచి చూసేవాడు కాదు. డబ్బాలో చెయ్యి పెట్టి తీస్తే ఆ చేతికే తెలిసిపోయేది.

ఇంతటి ఘనుడు సొంత ఇంట్లో ఎన్నడూ పొయ్యి దగ్గరికి రాలేదు. "రెండొందల మందికి వండిపెట్టే మొగుడు దొరికాడని మావాళ్ళు మురిసిపోయారు" అనేది ఆయన భార్య, వినేవాళ్ళు దొరికినప్పుడల్లా. "నాకు ఒక్కపూట వేడినీళ్ళు కాచిచ్చిన పాపాన పోలేదు." ఆయన ఇంటికొచ్చి, ఆవిడ వండింది తిని, చెయ్యి కడుక్కునేవాడు. బాగుందని అనలేదు, బాగాలేదని అనలేదు. "అయింది" అనేవాడు. అది ఒక వంటవాడు ఇంకో వంటవాడికి చూపే మర్యాద అని ఆవిడ నలభై ఏళ్ళుగా సర్దిచెప్పుకుంటోంది.

వాళ్ళ ఇల్లు ఒక టైలరు కొట్టు పైన మూడు గదులు, ముందు చిన్న వరండా. వంటగదిలో ఇద్దరు నిలబడితే మూడోవాళ్ళు ఊపిరి బయటికెళ్ళి పీల్చుకోవాలి. కొడుకు మందుల గోడౌన్‌లో సూపర్‌వైజరు. కోడలు కరెంటాఫీసు కౌంటర్లో గుమాస్తా. రిటైరయిన కొత్తలో మేస్త్రి పొద్దున్నే లేచి వేళాకోళంగా "ఎంతమందే?" అని అడిగేవాడు. "మీరు, నేను, చెట్టంత కొడుకు, వాడి పెళ్ళాం" అని ఆవిడ కాఫీ గ్లాసు చేతిలో పెట్టేది. ఇద్దరూ నవ్వేవాళ్ళు. అలా మూడేళ్ళు నడిచింది.

మతిమరుపు ఆ ఇంటికి దొంగలా రాలేదు, చుట్టంలా వచ్చింది. నాలుగు రోజులుండి పోతుందిలే అనుకున్నారు. అది పెట్టె విప్పి బట్టలు దండెం మీద వేసుకుంది. మొదట కళ్ళజోడు పోయింది. తర్వాత వీధి పేరు పోయింది. తర్వాత ఉన్నట్టుండి, "ఎంతమంది?" అన్న ప్రశ్నలోంచి వేళాకోళం పోయింది. పొద్దున అయిదున్నరకు ఒకసారి కాదు, గంటకు మూడుసార్లు అడిగేవాడు. "నలుగురం" అంటే వినేవాడు కాదు. నోటిమాట చెల్లే ఉద్యోగం కాదది.

"ఇది తగ్గే జబ్బు కాదమ్మా" అన్నాడు డాక్టరు. "మందులు మందులే. చేతికి పని ఉండనివ్వండి. కొత్త పని కాదు, తెలిసిన పని. ఊరికే కూర్చోబెట్టారా, ఆయనా కూర్చోరు, మిమ్మల్నీ కూర్చోనివ్వరు."

ఆయన కూర్చోలేదు. తొమ్మిదింటికి కాళ్ళు మొదలయ్యేవి. ముందుగది నుంచి వంటగదికి, వంటగది నుంచి వరండాకి, వరండా నుంచి మళ్ళీ ముందుగదికి. పది దాటితే నడక పెరిగేది. పదకొండు కొట్టేసరికి కాలుగాలిన పిల్లి. పన్నెండున్నరకి గంట కొడతారు. రెండువందల మంది కంచాలు పట్టుకుని వరసలో నిలబడతారు. పొయ్యి మీద ఏమీ లేదు. ఇదీ ఆయన బాధ. ఆ భయం అబద్ధం కావచ్చు. నుదుటి మీద చెమట మాత్రం నిజమే. వెనకాలే తిరిగి తిరిగి ఆవిడ కాళ్ళు కూడా ఆయన నడకే నేర్చుకున్నాయి. కూరగాయల కొట్టు ముందు వరసలో నిలబడి కూడా అటూ ఇటూ నడుస్తుంటే, "వెనకాల కుక్క తరుముతోందా ఏమిటమ్మా?" అని కొట్టువాడు అడిగాడు.

ఒక సోమవారం, ఆవిడ మేడ మీద బట్టలు ఆరేసి వచ్చేలోగా, మేస్త్రి నెలకి సరిపడా బియ్యం మొత్తం నానబోశాడు. గిన్నెలు చాలలేదు. బక్కెట్లు వాడాడు. బక్కెట్లూ చాలలేదు. తలస్నానానికని బాత్రూములోకి వెళ్ళిన కొడుకు చెంబు ముంచి నెత్తిన పోసుకున్నాక గానీ విషయం బయటపడలేదు. ఇటు చూస్తే నలభై బంగాళాదుంపలు తొక్క తీసి తెల్లగా వరసలో ఉన్నాయి. రెండు రోజుల పాటు వీధిలో అందరూ వాళ్ళింటి అన్నమే తిన్నారు.

కొడుకు సాయంత్రం ఇత్తడి తాళం ఒకటి తెచ్చి వంటగదికి వేశాడు. గోడౌన్‌లో పనిచేసేవాడికి తాళం మీద ఉండే భక్తి వేరు.

మంగళవారం మేస్త్రి తాళం ముందు కాసేపు నిలబడ్డాడు. దాన్ని పట్టుకుని ఊపి చూశాడు. తర్వాత చెప్పులేసుకుని, తన వంటగది ఎక్కడుందో వెతుక్కుంటూ బయటికి వెళ్ళిపోయాడు. భార్య మూడు వీధులు పరుగెత్తింది. చివరికి కనిపెట్టింది కింది టైలరు. నాలుగో వీధి భోజనశాల వెనక, వంటవాడి పక్కన నిలబడి మేస్త్రి చీవాట్లు పెడుతున్నాడు. "ఇన్ని నీళ్ళేమిట్రా? ఇది అన్నమా, గంజా?" తనిఖీకి వచ్చిన అధికారి అనుకుని వాళ్ళు ఆయనకు కుర్చీ వేసి, టీ ఇచ్చి, గబగబా అటకలు తుడుస్తున్నారు.

"ఇంకో పావుగంట ఆగి తీసుకురావాల్సింది వదినగారూ" అన్నాడు టైలరు ఆయన్ని మెట్లెక్కిస్తూ. "కిటికీలు కూడా కడిగేవాళ్ళు."

కొడుకు నవ్వలేదు. "చూడమ్మా, వంటగదికైనా తాళం ఉండాలి, వీధి తలుపుకైనా ఉండాలి. రెండూ వద్దంటే, తాళాలు వాళ్ళే వేసుకునే చోటొకటుంది. మా మేనేజరు వాళ్ళ నాన్నని అక్కడే చేర్పించాడు. బాగా చూస్తారట."

"బాగా చూస్తారు సరే. వంటగది చూపిస్తారా?"

"వంటగది దేనికమ్మా ఆయనకి?"

"నీకు గోడౌన్ దేనికిరా?"

వాదన అక్కడ ఆగి కాస్త ఊపిరి పీల్చుకుంది. ఆవిడ గొంతు తగ్గించింది. "ఆదివారం దాకా తాళం తియ్యి. ఆదివారం నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా. నాన్న చేత వండిస్తాను. కూర తిని అప్పుడు మాట్లాడు."

"సరే. ఆదివారం నా కళ్ళతో చూస్తాను. మళ్ళీ బక్కెట్లో బియ్యం కనబడిందా, సోమవారం పొద్దున్నే తీసుకెళ్ళి చేర్పించేస్తా. అప్పుడు ఏడవకూడదు."

"ఏడవను. నువ్వు మాత్రం బక్కెట్లోకి చూసుకుని స్నానం చెయ్యి."

ఉపాయం కోడలికి తట్టింది. "మా కౌంటర్లో రోజూ చూస్తుంటాను అత్తయ్యా. బిల్లు ఎక్కువొచ్చిందని మీద పడిపోతారు. నోటితో ఎంత చెప్పినా వినరు. 'మంగళవారం రండి' అని కాగితం మీద రాసి ముద్ర కొట్టిచ్చామనుకోండి, దణ్ణం పెట్టి వెళ్ళిపోతారు. మామయ్యకి కూడా రాసిద్దాం."

బుధవారం ఉదయం తెల్లకాగితం మీద నీలం సిరాతో 'ఈరోజు నలుగురం' అని రాసి ఇచ్చారు. మేస్త్రి అటు తిప్పి, ఇటు తిప్పి చూశాడు. "ఎవరిదీ ఉత్తరం? పథ్యం ఏది? సంతకం ఏది? ఎవడో ఆకతాయి వెధవ రాసినట్టుంది" అని చింపి చెత్తబుట్టలో వేశాడు. ఆ రోజు నడక సాయంత్రం దాకా ఆగలేదు.

"అసలు చీటీ ఎలా ఉండేదో ఎవరికి తెలుసు?" అంది కోడలు నిరాశగా.

"నాకు తెలుసు" అంది అత్తగారు.

ఆవిడ ఒక్కనాడూ హాస్టలు గడప తొక్కలేదు. కానీ ముప్పై ఒక్కేళ్ళ పాటు ఆయన చొక్కాలు ఉతికింది. ఉతికే ముందు జేబులో చీటీ తీసి పక్కన పెట్టడం, మరిచిపోయిన రోజున ఎర్ర సిరా మరకతో కుస్తీ పట్టడం ఆవిడ దినచర్య. పదివేల చీటీలు ఆ చేతుల మీదుగా పోయాయి. ఆవిడ చెబుతూ ఉంటే కోడలు అరచేతి వెడల్పు కాగితం కత్తిరించింది, ఎర్ర పెన్ను తీసింది.

"సంతకం ఎలా ఉండేది అత్తయ్యా?"

"ఒక్కొక్కడిదీ ఒక్కో అవతారం. ఆఖరాయనది నీళ్ళలో పడ్డ వానపాములా ఉండేది. ఇటివ్వు, నేను వేస్తాను."

తన పేరులో ప్రతి అక్షరాన్నీ తూచి తూచి రాసే మనిషి, ఆ రోజు ఒక్క విసురుతో వానపామును వేసి అవతల పారేసింది. పదోన్నతి అంటే అలాగే ఉంటుంది కాబోలు. ఏ పరీక్షా రాయకుండా ఆవిడ వార్డెన్ అయింది.

గురువారం అయిదున్నరకు మేస్త్రి వరండాలో ఉన్నాడు. ఆవిడ ముందుగదిలో కిటికీ ఊచల వెనక నిలబడింది.

"ఎంతమంది?"

ఆవిడ మాట్లాడకుండా చీటీ ఊచల సందులోంచి ఇచ్చింది. హాజరు నాలుగు. పథ్యం ఒకటి, ఆ అభాగ్యురాలు ఆవిడే, చక్కెర జబ్బు. మేస్త్రి చదివాడు. మడిచాడు. జేబులో పెట్టుకున్నాడు. భుజం మీద తువ్వాలు సర్దుకుని నేరుగా వంటగదిలోకి వెళ్ళి, "పొయ్యి వెలిగించండ్రా" అన్నాడు.

ఇది ఎవరూ ఊహించని అదృష్టం. హాస్టల్లో పొయ్యి వెలిగించడం మేస్త్రి హోదాకు తగిన పని కాదు. అది కింది వాళ్ళ పని. వార్డెన్ గారు పరుగున వంటగదిలోకి వచ్చి కింది మనిషి అవతారమెత్తి గ్యాసు వెలిగించింది. ఆ మీట తన చేతిలో ఉన్నంతకాలం ఇల్లు భద్రం. ఆయన ఆవిడ ఉల్లిపాయ కోయడం చూశాడు.

"కొత్తగా చేరావా అమ్మాయ్?"

ఆవిడ కత్తి ఒక్క క్షణం ఆగింది. "అవునండి."

"ఎవరు నేర్పారు ఈ కోత?"

"మా అత్తగారు."

"ఆవిడకీ రాదని తెలుస్తోంది."

ఆ అత్తగారు స్వయానా ఈయన తల్లి. కాపరానికొచ్చిన మొదటి రోజు నుంచీ తాను అనాలనుకుని అనలేకపోయిన మాట అది. వేరే నోటి నుంచి, అందులోనూ ఈ నోటి నుంచి విన్నందుకు ఆవిడ లోలోపల ఎంత తృప్తిపడిందో చెప్పడం మర్యాద కాదు. ఆయన కత్తి తీసుకుని కోసి చూపించాడు. వేళ్ళు ఏదీ మరవలేదు. ఉప్పు డబ్బాలో చెయ్యి పెట్టి తీసి, గిన్నె మీద విదిలించాడు. ఆవిడ తర్వాత చాటుగా రుచి చూసింది. దారం పట్టి కొలిచినట్టు ఉంది ఉప్పు.

కానీ నలుగురికి కూర తరగడం ఆయనకు ఆరు నిమిషాల పని. "తర్వాతి బుట్ట" అన్నాడు. తర్వాతి బుట్ట లేదు. గడియారంలో ఏడైనా కాలేదు.

అక్కడ ఆవిడ అసలు కష్టం మొదలైంది. ఉన్న పనిని రబ్బరులా సాగదీయాలి. బంగాళాదుంపలు నాలుగూ ఒకసారి ఇవ్వకుండా ఒక్కొక్కటే ఇచ్చింది. చిక్కుళ్ళలో ముదురూ లేతా కలిపేసి ఏరమంది. కంచాలు తుడవమంది, తుడిచినవి వెనక నుంచి తీసుకెళ్ళి మళ్ళీ ముందు పెట్టింది. ఇద్దరిలో ఎవరు ఎవరి చేత పని చేయిస్తున్నారో అర్థం కాకుండా పోయింది. అయినా పది దాటేసరికి పని అయిపోయి కాళ్ళు లేచాయి. ఆవిడ కిందికి పరుగెత్తి టైలరు భార్యనడిగి ఆవిడ బీన్సు బుట్ట పైకి తెచ్చింది.

మేస్త్రి అనుమానంగా చూశాడు. "ఇవి ఎవరివి? మన హాజరులో లేవే."

"కింది హాస్టలు వాళ్ళవండి. వాళ్ళ వంటవాడు సెలవు. కోసి పంపమన్నారు."

"వాడెప్పుడూ సెలవే" అన్నాడు మేస్త్రి అసహ్యంగా, బుట్ట ముందుకు లాక్కుంటూ.

శుక్రవారం టైలరు మెట్ల మీద ఎదురై, "వదినగారూ, మా ఆవిడ చెప్పమంది. మేస్త్రి గారు కోసిన బీన్సు మరీ దారప్పోగుల్లా ఉన్నాయట. కుట్టమని నా మిషన్ మీద పెట్టింది" అన్నాడు. అని, చేతిలో ఉన్న క్యాబేజీ ఇచ్చి వెళ్ళాడు. శనివారానికి వీధిలో మూడు ఇళ్ళ కూరగాయలు ఉదయం పైకెక్కి పదకొండుకు కిందికి దిగుతున్నాయి.

దీంతో అంతా చక్కబడిందని ఎవరైనా అంటే అది కోత. పదకొండు పోలేదు. పదకొండు ఎక్కడికి పోతుంది? గడియారంలో దాని చోటు దానికుంది. ఆ వేళకు ఆయన కంచం చేత్తో పట్టుకుని ఇల్లంతా తిరిగేవాడు. గంట కొట్టారా, గంట కొట్టారా అని అడిగేవాడు. కాకపోతే ఇప్పుడు వీధిలోకి వెళ్ళడం లేదు. శనివారం మధ్యాహ్నం ఆవిడ గోడకి ఆనుకుని కూర్చుని, నాలుగు రోజుల్లో మొదటిసారి, తన కాళ్ళను తాను పిసుక్కుంది. ఇంకొక్క రోజు.

ఆదివారం కొడుకు అందరికంటే ముందు లేచాడు. ముందుగదిలో పేపరు తెరిచి కూర్చున్నాడు. అది నిన్నటి పేపరని కూడా చూసుకోలేదు. కిటికీ గట్టు మీద ఇత్తడి తాళం పెట్టి ఉంది. ఆవిడ తాళాన్ని చూసింది, చూడనట్టు దాని పక్కనే నిలబడింది.

"ఎంతమంది?"

చీటీ ఊచల్లోంచి బయటికి వెళ్ళింది. మేస్త్రి చదివాడు. మడవలేదు.

"ఇవాళ ఏ వారం?"

"ఆదివారమండి."

"ఆదివారం నాలుగా?" ఆయన గొంతులో హేళన వినబడింది. "ఆదివారం పిల్లల్ని చూడ్డానికి అమ్మానాన్నలొస్తారు. రోజూ ఉండే రెండొందలకి ఇంకో అరవై వేసుకోవాలి. పొద్దుటి బండికే దిగేస్తారు. నాలుగట, నాలుగు."

చీటీని గట్టు మీద, సరిగ్గా తాళం పక్కన పెట్టి, ఆయన లోపలికి నడిచాడు. వంటగదిలో బియ్యం డబ్బా మూత శబ్దం వినబడింది. ఆవిడ పరుగెత్తింది. "ఏమండీ, ఇవాళ అంతమంది రారండీ" అంది. ఆయన పక్కకి జరగమని చెయ్యి విసిరాడు. బాత్రూము దగ్గరికెళ్ళి బక్కెట్టు తెచ్చాడు. ఇంకోటి కావాలని మళ్ళీ వెళ్ళాడు. డబ్బాకీ బక్కెట్టుకీ మధ్య, బక్కెట్టుకీ గడియారానికీ మధ్య తిరుగుతున్నాడు. ఊపిరి రొప్పుగా వస్తోంది. "పొద్దెక్కిపోతోంది. దూరం నుంచి వస్తారు పాపం. పిల్లాడికి కూడు కూడా పెట్టట్లేదనుకోరూ?"

కొడుకు లేచాడు. పేపరు పక్కన పడేసి తాళం చేతిలోకి తీసుకున్నాడు. వంటగది గుమ్మంలోకి వచ్చి తల్లి వైపు చూశాడు. మాట్లాడవలసింది ఆ చేతిలోనే ఉంది.

డబ్బా వంగింది. మొదటి గింజలు బక్కెట్లో టపటపమన్నాయి. భార్యగా అయితే ఆవిడ చెయ్యగలిగింది రెండే: అరవడం, ఏడవడం. రెండూ ఈ జబ్బు మొదలయ్యాక చేసి చూసినవే. కానీ ఆవిడ గురువారం నుంచి వార్డెన్. వార్డెన్లకి ఒక సదుపాయం ఉంది. అరవక్కర్లేదు, పద్ధతి గుర్తు చేస్తే చాలు.

"మేస్త్రి గారూ" అంది.

నలభై రెండేళ్ళ కాపరంలో ఆవిడ ఆయన్ని అలా పిలవలేదు. డబ్బా ఆగింది.

"చీటీ మీద మీకు అనుమానం ఉంటే పద్ధతి ఒకటుంది కదా. తలకాయలు లెక్కపెట్టుకు రండి. ఎన్ని తేలితే అన్నే రాసిస్తాను."

మేస్త్రి కాసేపు ఆలోచించాడు. ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. డబ్బా దింపాడు, చేతులు తువ్వాలుకి తుడుచుకున్నాడు. "అదీ మాట" అని, గుమ్మంలో ఉన్న కొడుకుని దాటుకుని ముందుగదిలోకి నడిచాడు. ముందు మంచం కింద వంగి చూశాడు. ఎవరూ లేరు. లేచి, వెనకాలే వచ్చిన కొడుకుని ఎగాదిగా చూశాడు.

"ఏ గది బాబూ నీది?"

కొడుకు తల్లి వైపు చూశాడు. ఆవిడ కళ్ళతోనే 'చెప్పు' అంది.

"ఇదే... ఈ గదే."

"పొద్దున్నే మొహం అలా పెట్టావేం? తిన్నావా?"

"ఇంకా లేదు."

"చేతిలో ఏమిటది?"

"తాళం."

"పెట్టెకి వేసుకో. ఇక్కడ సబ్బులు కూడా పోతాయి." మేస్త్రి దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "వంటగదికి మాత్రం వెయ్యమని ఎవరికీ చెప్పకు. నేను వెయ్యను. వేళకి తినని వెధవలు ఆకలేసి వచ్చి గిన్నెలు తడుముకుంటారు. వార్డెన్‌కి తెలిస్తే ఊరుకోడు. నేనేమో చూడనట్టుంటాను."

"సరేనండి" అన్నాడు కొడుకు. తండ్రిని అండీ అనడం వాడికి అదే మొదలు.

మేస్త్రి బొటనవేలు చూపుడువేలి మొదటి కణుపు మీద పెట్టాడు. ఒకటి.

లోపలి గదిలో కోడలు తల దువ్వుకుంటోంది. ఆయన గుమ్మంలోనే ఆగి, "మగపిల్లల హాస్టల్లో మీరేం చేస్తున్నారమ్మా?" అన్నాడు మర్యాదగా.

"ఆఫీసు నుంచండి. కాగితాల పని మీద వచ్చాను."

"సరే, తిని వెళ్ళండి. ఖాళీ కడుపుతో కాగితాలు చూడకూడదు." రెండు.

వంటగది గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. ఆయన ఆవిడ వైపు మిగతా ఇద్దరి కంటే ఎక్కువ సేపు చూశాడు. ఏదో అందబోయి జారిపోయినట్టుంది.

"నువ్వు కొత్తగా చేరావు కదూ?"

"ఆఁ, ఈమధ్యే. నలభై రెండేళ్ళవుతోంది."

"నిలదొక్కుకుంటావులే" అన్నాడు ఆయన ధైర్యం చెబుతూ. మూడు.

తర్వాత వరండా చూశాడు. బాత్రూము తలుపు తట్టి చూశాడు. మెట్ల మీద నుంచి కిందికి తొంగిచూశాడు. టైలరు పైకి చూసి దణ్ణం పెట్టాడు గానీ, అతను కింది హాస్టలు మనిషి కాబట్టి లెక్కలోకి రాలేదు. మేస్త్రి తిరిగి కిటికీ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ లోపలి వైపు సిద్ధంగా ఉంది.

"ముగ్గురు" అన్నాడు. "సెలవులిచ్చినట్టున్నారు. నువ్వేమో నాలుగు రాశావు."

"నాలుగే కదండీ? మీరో?"

ఆయన ఆవిణ్ణి జాలిగా చూశాడు. "వంటవాణ్ణి హాజరులో రాస్తారా ఎక్కడైనా? ఎవరు నేర్పారమ్మా నీకీ ఉద్యోగం?"

ఆవిడ నాలుగు కొట్టేసి మూడు వేసింది. ఆ వానపాము పక్కనే ఇంకో చిన్న వానపామును కూడా వేసింది, దిద్దుబాటుకి సాక్ష్యంగా. జేబుల్లోంచి తీసిన పదివేల చీటీలూ ఆవిడకి గుర్తొచ్చాయి. వాటిలో ఏ ఒక్క అంకెలోనూ ఆయన లేడన్నమాట. ఇన్నేళ్ళు ఉతికినా అది మాత్రం కంటపడలేదు.

మేస్త్రి బక్కెట్లో పడ్డ గింజల్ని ఒక్కటి కూడా వదలకుండా ఏరి డబ్బాలో వేశాడు. ముగ్గురికి కొలిచి కడిగాడు. "పొయ్యి వెలిగించండ్రా" అన్నాడు. కూర తరిగాడు. కింది హాస్టలు క్యాబేజీ తరిగాడు. వీధిలో మూడు ఇళ్ళ బుట్టలూ అయ్యాక, చిక్కుళ్ళు ఏరుతుంటే కొడుకు వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చున్నాడు. ముదురువాటిని లేతవాటిలో వేస్తున్నాడని రెండుసార్లు చీవాట్లు తిన్నాడు. పదకొండుకు మేస్త్రి లేచి కంచం పట్టుకుని నడవడం మొదలుపెట్టాడు. కొడుకు కూడా లేచి వెనకాలే నడిచాడు. ముందుగది, వంటగది, వరండా. పన్నెండున్నర దాకా తండ్రీకొడుకులిద్దరూ అలా తిరిగారు. చూసేవాళ్ళకి కళ్ళు తిరిగాయి గానీ వాళ్ళకి తిరగలేదు.

పన్నెండున్నరకు మేస్త్రి గరిటెతో కంచం మీద కొట్టాడు. ముగ్గురూ వరసలో కూర్చున్నారు. ఆయన నిలబడి వడ్డించాడు. అందరి కంచాలూ సగమయ్యాక, పద్ధతి ప్రకారం, గిన్నెలో మిగిలింది తాను పెట్టుకుని కూర్చున్నాడు.

కొడుకు తల ఎత్తకుండా తింటున్నాడు. రెండోసారి కూర అడిగి వేయించుకున్నాడు. చెయ్యి కడుక్కోబోతూ తల్లితో, "రేపటి చీటీ పొద్దున్నే రాయాలిగా, ఎర్ర పెన్ను అయిపోవచ్చింది. సాయంత్రం బజారుకెళ్ళి తెస్తాను" అన్నాడు. తాళం గోడౌన్ సంచిలో వేసుకున్నాడు.

మేస్త్రి కంచం ఖాళీ చేసి, అందరి వైపూ ఒకసారి చూసి, "అయింది" అన్నాడు.

ఎవరి కంచంలోనూ మెతుకు మిగల్లేదు. కూరలో ఉప్పు లేదు.